రేషనునాటి ఆకుకూర

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా అక్కడి బియ్యము మన రేవులకు వచ్చుట నిలిచిపోయినది. 1943 మే నెలలో బొంబాయిలో రేషను వచ్చినది. బియ్యము కార్డు మేరకే దొరకెడిది. ఆకుకూరకు కార్డు లేదు. చాల్ గదులకు పెరడెక్కడిది? మా పెద్దలు వసారాలో కిరసనాయిలు డబ్బాలలో మన్ను నింపి తోటకూర చల్లిరి, బచ్చలి పాకించిరి. తోటకూర నెలలోపే కోతకు వచ్చును. బచ్చలి త్రుంచినకొలది చిగిర్చును. గుప్పెడాకు వేసినచో నలుగురి పప్పు ఆరుగురికి సరిపోవును.

1965లో మరల తిండికి కటకట యేర్పడినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు తమ నివాసమందలి పచ్చికబయలునే దున్నించి పైరు పెట్టించిరి.

కార్డు గింజల నిచ్చినది గాని గోంగూర నీయలేదు. ఊరినుండి కొంగున ముడివేసి తెచ్చిన విత్తే మాకు దాని నిచ్చినది. ఆ విత్తును మన పిల్లల చేతికిచ్చి, ఈ ఉగాదికి ఇంటింటా ఒక కుండీలో చల్లింతము.