"నరం కోస్తారట" అంటే ఏది కోస్తారు? సెరిబ్రల్ పాల్సీ పిల్లల ఆపరేషన్లు

హోసూరు చుట్టుపక్కల మనవాళ్లలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు బెంగళూరుకో వేలూరుకో పోయి వచ్చాక కాగితాలు పట్టుకుని మా సంఘానికి వస్తుంటారు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరు చెప్పింది కన్నడంలోనో తమిళంలోనో, ఇంట్లో మాట తెలుగు. ఇన్ని భాషలు దాటి వచ్చేసరికి మిగిలేది ఒక్క మాట: "నరం కోస్తారట." వెంటనే అవ్వ అడ్డుపడుతుంది, "నరం కోస్తే కాలు పడిపోదా సామీ?" అని.

మేము డాక్టర్లం కాము, ఫైళ్లు చూసిన చేతులు. అయినా తప్పు ఎక్కడ జరుగుతోందో చూస్తున్నాం. మన వాడుకలో మెదడు కబురు మోసేదీ నరమే, చేతి మీద నీలంగా కనబడే రక్తనాళమూ నరమే, మడమ వెనక గట్టిగా తగిలే టెండానూ నరమే. ఆపరేషన్లు మాత్రం వేరు వేరు.

ముందు బిగుతు సంగతి. ఈ పిల్లలకు దెబ్బ తగిలింది మెదడులో, కాలికి కాదు. కండరం సాగినప్పుడల్లా వెన్నుపాముకు కబురు పోతుంది, వెన్నుపాము "బిగించు" అంటుంది. ఆ మాటను అదుపు చేసే మెదడు ఆజ్ఞ సరిగా అందక కాళ్లు కత్తెరలా పడతాయి, పిల్లలు మునివేళ్ల మీద నడుస్తారు. ఏ ఆపరేషనూ మెదడును బాగుచేయదు. ఈ సంగతి ముందే తెలిస్తే సగం మోసాలు తప్పుతాయి.

మన దగ్గర ఎక్కువగా చేసేది టెండాన్ పొడిగించడం. మడమ వెనక, మోకాలి వెనక, తొడల లోపలివైపు కురచబడినవాటిని సాగదీస్తారు. ఏటా ఒకటి చొప్పున కాకుండా, అవసరమైనవన్నీ ఒకేసారి చేయడం మేలని ఇప్పుడు ఎముకల డాక్టర్లు అంటున్నారు. కెనడా డాక్టరు మెర్సర్ రాంగ్ పాత పద్ధతికి "పుట్టినరోజు జబ్బు" అని పేరు పెట్టాడు, పిల్లవాడి ప్రతి పుట్టినరోజూ ఆస్పత్రిలోనే అని. తొందరా మంచిది కాదు. మా ఎరుకలో ఒక బిడ్డకు చిన్న వయసులోనే మడమ టెండాన్ పొడిగించారు. రెండేళ్లు పాదం నేలకు ఆనింది, అందరం సంతోషించాం. తరువాత మోకాళ్లు వంగిపోయి కూర్చున్నట్టు నడవడం మొదలైంది. రెండు కాళ్లూ బిగుసుకున్న పిల్లల్లో మడమది అతిగా సాగితే ఇలా అవుతుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

నిజంగా నరాలు కోసే ఆపరేషన్ సెలెక్టివ్ డోర్సల్ రైజోటమీ. నడుము దగ్గర వెన్నెముక తెరిచి, కాళ్ల నుంచి కబురు తెచ్చే నరాల వేళ్లను సన్నని పోగులుగా విడదీసి, ఒక్కోదానికి కరెంటు తాకించి చూస్తారు. అతిగా స్పందించే పోగుల్లో కొన్నింటినే కోస్తారు. కాలిని కదిలించే నరాలను ముట్టరు. కాబట్టి అవ్వ భయపడినట్టు కాలు పడిపోవడానికి కాదు ఇది. 1980ల్లో కేప్‌టౌన్‌లో వార్విక్ పీకాక్ అనే డాక్టరు దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు.

అయితే ఇది అందరికీ కాదు. నెలలు నిండకుండా పుట్టి, ముఖ్యంగా కాళ్లే బిగుసుకుని, కాళ్లలో బలం ఉండి, ఆసరాతోనో లేకుండానో కొంత నడిచే నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు బాగా పనికొస్తుంది. ఒళ్లు మెలికలు తిరిగే డిస్టోనియా ఉంటే సాధారణంగా వద్దంటారు. కోసింది మళ్లీ అతకదు. ఇప్పటికే కురచబడిన టెండాన్ దీనితో సాగదు. బిగుతు పోగానే దాని చాటున ఉన్న బలహీనత బయటపడి, ముందు నడిచిన బిడ్డ కొన్ని వారాలు నడవలేకపోవచ్చు. తరువాత నెలల తరబడి ఫిజియోథెరపీ. ఆ నెలలకు సెలవూ డబ్బూ లేకపోతే, ఆపరేషన్‌కు పొలం అమ్మవద్దని మేము నేరుగా చెబుతాం.

మూడోది బాక్లోఫెన్ పంపు. పొట్ట చర్మం కింద అమర్చి, సన్నని గొట్టంతో మందును వెన్నుద్రవంలోకి పంపుతారు. కొన్ని నెలలకోసారి మందు నింపించుకోవాలి, బ్యాటరీ అయిపోయాక పంపే మార్చాలి. మందు హఠాత్తుగా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. నింపే ఆస్పత్రి దగ్గరలో లేనివాళ్లు బాగా ఆలోచించాలి. బోటాక్స్ సూది ఆపరేషన్ కాదు, దాని పని మూడు నాలుగు నెలలు.

అన్నిటికంటే మనవాళ్లు మరిచేది తుంటి. నడవలేని బిడ్డ కదా, కాళ్లతో పనేముంది అనుకుంటారు. సరిగ్గా ఆ పిల్లలకే తుంటి కీలు జారే ప్రమాదం ఎక్కువ. బొత్తిగా కూర్చోలేని పిల్లల్లో పదిమందిలో తొమ్మిది మంది దాకా ఇది కనబడుతుంది. మొదట నొప్పి ఉండదు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. డాక్టరు చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించి, పాతవి పారేయకుండా తేదీ వారీగా ఉంచండి.

చెన్నై దగ్గర ముట్టుకాడులోని బహుళ వైకల్యాల జాతీయ సంస్థ, ఒడిశా మనవాళ్లకు కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ సంస్థ, ముంబయిలో హాజీ అలీ దగ్గరి కేంద్ర సంస్థ, ఈ మూడూ కేంద్ర ప్రభుత్వానివే. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు, థెరపీకి కూడా వర్తిస్తుంది. వైకల్య ధ్రువపత్రం ముందుగా తీసుకోండి. చిత్తూరులో ఉన్న బావమరిది ఆరోగ్యశ్రీ కార్డు మన బిడ్డకు చెల్లదు, దానికోసం తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.

సంతకం పెట్టేముందు డాక్టరుగారిని ఒక్కటి అడగండి: కోసేది టెండానా, నరాల పోగులా, ఎముకా? జవాబు ఆయన చేతనే రాయించుకోండి. ఆ కాగితం తెస్తే తెలుగులో చదివి చెప్పడానికి ఆదివారం ఉదయం సంఘం ఆఫీసులో ఉంటాం.