ఉమ్మెత్త పొగ

ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ పీల్చు ఆచారము బ్రిటనునకు చెన్నపట్టణమునుండి చేరినదన్న సంగతి నేడు పలువు రెరుగరు. ఆ పట్టణమున కుంఫిణీవారి ప్రధాన వైద్యుడుగా నుండి, సైదాపేటలో నాగజెముడు తోట వేయించి యెరుపురంగు నిచ్చు కొచినీలు పురుగులను పెంపజూచిన జేమ్సు ఆండర్సనే, ఉమ్మెత్తవేరును ఎండబెట్టి నలుగగొట్టి చిలుములో కాల్చు ఈ దేశపు చికిత్సను జనరల్ జెంటునకు తెలుపగా, ఆ సేనాని 1802లో దానిని గొనిపోయి ఎడింబరో వైద్యుడగు సిమ్సునకు అందజేసెను. అచ్చట మన ఉమ్మెత్త సులభముగా దొరకమిచే దాని సోదరజాతి యగు స్ట్రామోనియము వాడుకలోనికి వచ్చి, క్రమముగా సిగరెట్లై, నిప్పుపై చల్లు పొడులై అంగళ్ల కెక్కెను. ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్టుకూడ ఇట్టి పొగలను నమ్ముకొన్నవాడే.

పొగ కొంత పనిచేసినమాట నిజము. ఉమ్మెత్తలోని అట్రోపిను శ్వాసనాళముల జుట్టియున్న కండరమును బిగియించు నాడీప్రేరణను అడ్డగించును. స్వయముగా ఉబ్బసరోగియైన లండను వైద్యుడు హైడ్ సాల్టరు 1860లో ప్రకటించిన గ్రంథమున ఈ వ్యాధిని ప్రధానముగా కండరముల యీడ్పుగనే వర్ణించెను. రాత్రి పిల్లికూతలతో కూర్చుండి తెల్లవార్చిన రోగి మధ్యాహ్నమునకు తేటగా ఊపిరి పీల్చుచుండగా, లోపల శాశ్వతమైన మార్పు కలదని యెవరు శంకింతురు?

1922లో అమెరికాలో హ్యూబరు, కోస్లరు అను నిరువురు ఉబ్బసముచే మరణించినవారి శ్వాసనాళములను కొలిచి చూడగా, గోడలే దళసరియై యుండెను. కండరపు పొర బలిసి, శ్లేష్మగ్రంథులు పెరిగి, లోపలి పొరక్రింది ఆధారత్వచము మందమై, పెక్కునాళములు జిగటగళ్లతో పూడుకొని యుండుట ఇట్టి మరణములలో కానవచ్చును. ఇందు మిక్కిలి గమనింపదగినది గోడ దళమే: కండరము ఎప్పటివలెనే ముడుచుకొన్నను, దళసరి గోడ లోనికి ఒత్తుకొనివచ్చుటచే నాళరంధ్రము ఆరోగ్యవంతునికంటె ఎన్నోరెట్లు ఇరుకగును. పొగ ఆ బిగువును సడలింపగలిగినను గోడను పలుచన చేయజాలదు. పైగా, నా యభిప్రాయమున, వాపెక్కిన నాళమునకు పొగపట్టుట సాహసమే.

జీవించియున్నవారి నాళములనుండి తునుకలు తీసి పరీక్షించు పద్ధతి వచ్చిన పిమ్మట, స్వల్పవ్యాధి గలవారియందును ఇట్టి మార్పులు బయటపడినవి. అంతకుముందే, 1972లో, బ్రిటనున పీల్చు స్టెరాయిడు బెక్లోమెథసోను విక్రయమునకు వచ్చి వాపును అణచుచుండెను. బలిసిన కండరము మాత్రము దానికి అంత సులభముగా లొంగలేదు. ఉమ్మెత్త సిగరెట్లు మరుగునపడినను, అట్రోపినునుండి రూపొందించిన ఇప్రట్రోపియము నేటికిని ఆసుపత్రులలో ఉబ్బసరోగులకు పీల్పించుచునే యున్నారు.