అరువు కోడుకు బాధ్యులెవరు? – వి.ఎల్.సి. మీడియా ప్లేయర్ చరిత్ర: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
మీడియా ప్లేయర్ అనేక లైబ్రరీల సమాహారం. వీడియోను విప్పేది ఒకటి, ఫైలు అమరికను చదివేది వేరొకటి, సబ్‌టైటిళ్లను చూపేది మరొకటి. వీటిలో అధికభాగం ఇతర బృందాల రచన. వాటిని ప్లేయర్‌తో జతచేసి అందించాలా, ఆపరేటింగ్ సిస్టమ్‌కు విడిచిపెట్టాలా అన్న సమస్యను వి.ఎల్.సి. ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం:
ఎకోల్ సెంత్రాల్ పారిస్ విద్యార్థులు 1996లో ప్రారంభించిన ప్రాజెక్టు నుండి వి.ఎల్.సి. రూపొందింది. 2001లో జి.పి.ఎల్. లైసెన్సు పొందింది. విండోస్, మ్యాక్‌లలో ఈ లైబ్రరీలు సిద్ధంగా ఉండవు కనుక వాటిని వెంట పంపక తప్పలేదు. ఇందుకు ఏర్పడినదే సోర్స్ కోడ్‌లోని 'కాంట్రిబ్' విభాగం. ఏ లైబ్రరీ ఏ వెర్షన్ తేవాలి, ఏ ప్యాచ్‌లు చేర్చాలి, ఎలా నిర్మించాలి అన్న సూచనలతో పాటు, దిగుమతి అయిన ఫైలు అసలుదేనని నిర్ధారించే చెక్‌సమ్‌లూ అందులో ఉంటాయి. లైనక్స్ పంపిణీలు సాధారణంగా తమ సొంత లైబ్రరీలనే వాడతాయి.

రెండు అనుభవాలు:
2002లో జెడ్‌లిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో భద్రతాలోపం బయటపడింది. ఉమ్మడి లైబ్రరీపై ఆధారపడిన ప్రోగ్రాములకు ఒక్క సవరణ సరిపోయింది. సొంత ప్రతిని ఇముడ్చుకున్న వాటిని మాత్రం ఒక్కొక్కటిగా వెతికి సరిచేయవలసి వచ్చింది. ఇటువంటి కారణాల వల్లనే డెబియన్ విధానం ఇముడ్చుకున్న ప్రతులను నిరుత్సాహపరుస్తుంది.

2019 జూలైలో ఇందుకు భిన్నమైన అనుభవం ఎదురైంది. వి.ఎల్.సి.లో తీవ్రమైన లోపం ఉందని వార్తలు వ్యాపించాయి. దానికి తొలుత 10కి 9.8 తీవ్రతాంకం ఇచ్చారు. లోపం లిబ్‌ఈబిఎంఎల్ అనే ఇతరుల లైబ్రరీదనీ, అది 16 నెలల క్రితమే సరిచేయబడిందనీ, 3.0.3 వెర్షన్ నుండి తాము సరైన ప్రతినే అందిస్తున్నామనీ వీడియోలాన్ వివరించింది. ఫిర్యాదు చేసిన వ్యక్తి ఉబుంటు 18.04లోని పాత లైబ్రరీతో పరీక్షించినట్లు తేలింది. తరువాత తీవ్రతాంకం 5.5కు తగ్గింది. అయినా అప్పటికే నింద ప్లేయర్ పేరు మీదే పడింది.

ముగింపు:
మొదటి సందర్భంలో జతచేసిన ప్రతులు వెనుకబడ్డాయి. రెండవ సందర్భంలో ఉమ్మడి ప్రతి వెనుకబడింది. కాబట్టి కోడు ఏ చోట ఉన్నదన్న దానికంటే, దానిని ఎవరు ఎంత శ్రద్ధగా కనిపెట్టి ఉంటున్నారన్నదే భద్రతను నిర్ణయిస్తున్నది. వినియోగదారునికి కనిపించేది ప్లేయర్ పేరొక్కటే. అరువు తెచ్చిన కోడుకు తుదకు జవాబు చెప్పవలసినదీ ఆ పేరే. అందుచేత సాఫ్ట్‌వేర్ చరిత్రకారులు కొత్త సదుపాయాలతో పాటు, వెర్షన్ సంఖ్యను మార్చే ఒక్క పంక్తి సవరణలనూ ఆధారాలుగా స్వీకరించాలి.