నొప్పికి తాళం: క్యాన్సర్ గడ్డలో దొరికిన ఒక రిసెప్టర్ కథ

ఈ ఎపిసోడ్ మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మేడ మెట్లు ఎక్కి దిగిన రోజు రాత్రి నిద్ర ఉండదు. మొన్న టాబ్లెట్ మింగుతూ, "ఇన్ని కనిపెట్టారు కదరా, ఈ నొప్పిని మొదట్లోనే ఆపేసే ఇంజెక్షన్ ఒక్కటి కనిపెట్టలేకపోయారా?" అంది. లేదేమో అనుకున్నాను. వెతికితే తెలిసింది, కనిపెట్టారు. నొప్పి తగ్గింది కూడా. అయినా అది మందుల షాపు దాకా రాలేదు. ఎందుకు రాలేదో అర్థం కావాలంటే ఎనభై ఏళ్ల పైన వెనక్కి వెళ్లాలి.

ఇటలీలో టూరిన్ అనే ఊరు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులను యూనివర్సిటీల్లోంచి బయటికి పంపే చట్టాలు తెచ్చింది. రీటా లెవీ మోంటాల్చీని అనే యువ డాక్టర్ కూడా అలా బయటపడ్డారు. ఆవిడ ఏం చేశారంటే, ఇంట్లో తన బెడ్‌రూమ్‌నే ల్యాబ్ చేసుకున్నారు. కుట్టుసూదులు సానపట్టి కత్తులుగా వాడారు. పరీక్షించడానికి కోడిగుడ్లు. పైన బాంబులు పడుతుంటే ఈవిడ గుడ్డులో పెరిగే పిండాలను మైక్రోస్కోప్‌లో చూస్తున్నారు!

ఆవిడ చూసింది ఇదీ. పిండానికి కాలు మొలవాల్సిన చోట ఆ మొగ్గను తీసేస్తే, ఆ కాలికి వెళ్లాల్సిన నాడీకణాలు చచ్చిపోతున్నాయి. అసలు పుట్టకపోవడం కాదు, పుట్టాక చచ్చిపోతున్నాయి. అంటే కాలి నుంచి వాటికి ఏదో అందాలి. అదేంటి?

1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి విక్టర్ హాంబర్గర్ ఆవిడను పిలిపించారు. ఈ ప్రయోగాన్ని అంతకుముందే చేసి, వేరే అర్థం చెప్పిన మనిషి ఆయన. తన మాటను కాదన్న ఆవిడనే పిలిచి ల్యాబ్‌లో చోటిచ్చాడు చూడండి, అది నాకు నచ్చింది. తర్వాత కొన్నాళ్లకు, ఎలుకల్లో వచ్చే ఒక రకం గడ్డను కోడి పిండానికి అతికిస్తే నరాలు గుంపులుగా దానిలోకి పెరగడం కనిపించింది. 1952లో రీటా చిన్న అట్టపెట్టెలో రెండు ఎలుకలు పెట్టుకుని విమానంలో రియో డి జనీరో వెళ్లారు. అక్కడి ల్యాబ్‌లో గడ్డ ముక్క పక్కన నాడీకణాలు పెడితే, సూర్యుడి చుట్టూ కిరణాల్లా నరాల పోగులు బయటికొచ్చాయి. గడ్డ నుంచి ఏదో పదార్థం వస్తోందన్నమాట. బయోకెమిస్ట్ స్టాన్లీ కోహెన్ దాన్ని విడదీసే పనిలో పడ్డారు. ఆ పనిలో వాడిన పాము విషంలోనే ఆ పదార్థం ఇంకా ఎక్కువ ఉందని బయటపడింది. అక్కడి నుంచి ఎలుక లాలాజల గ్రంథికి వెళ్లారు, అక్కడా దొరికింది. అదే నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా ఎన్‌జీఎఫ్. 1986లో రీటాకీ కోహెన్‌కీ నోబెల్ వచ్చింది. హాంబర్గర్‌కి రాలేదు. నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

అందరూ చెప్పే కథ ఇక్కడ అయిపోతుంది. కానీ ఇప్పటిదాకా మన చేతికొచ్చింది తాళంచెవి మాత్రమే. తాళం ఏది? కణం పైపొర మీద ఎన్‌జీఎఫ్ వచ్చి కూర్చునే చోటును రిసెప్టర్ అంటారు. అది లేకపోతే ఎన్‌జీఎఫ్ ఎంతున్నా కణానికి కబురు అందదు. నోబెల్ వచ్చిన ఆ 1986లోనే ఒక రిసెప్టర్ జీన్ దొరికింది, దాన్ని పి75 అంటారు. తీరా చూస్తే, పెరగమని కణానికి ఆర్డర్ వేసే ఎంజైమ్ భాగం దానికి లేదు. అసలు తాళం ఇంకోటి ఉండాలి.

తమాషా ఏంటంటే, ఆ ఇంకోటి అప్పటికే దొరికింది. కాకపోతే అది అదేనని ఎవరికీ తెలీదు. మరియానో బార్బాసిడ్ అనే స్పెయిన్ సైంటిస్ట్ బృందం ఒక పేషెంట్ పెద్దపేగు క్యాన్సర్ గడ్డలో ఒక వింత జీన్ పట్టుకుంది. ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్ ముక్క, తెలియని ఇంకో ప్రోటీన్ తోక, రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. దానికి ట్రాక్ అని పేరు పెట్టారు. మామూలు ఒంట్లో ఆ జీన్ పనేంటో మాత్రం అయిదేళ్లు తేలలేదు. 1990లో ఎలుక పిండాల్లో వెతికితే అది స్పర్శ, నొప్పి తెలిపే నాడీకణాల గుంపుల్లో కనిపించింది. క్లూ దొరికింది కదా! 1991లో తేల్చేశారు. ఎన్‌జీఎఫ్ కూర్చునే అసలు తాళం ఇదే, ట్రాక్-ఏ.

ఇది పనిచేసే పద్ధతి చూడండి. ఎన్‌జీఎఫ్ వచ్చి కూర్చోగానే రెండు ట్రాక్-ఏలు జతకడతాయి. కణం లోపలున్న వాటి తోకలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ అంటించుకుంటాయి, కబురు మొదలవుతుంది. మీ కాలి బొటనవేలి నొప్పి తెలిపే కణం అసలు శరీరం ఉండేది నడుం దగ్గర, వెన్నుపూస పక్కన. వేలి దగ్గర మొదలైన ఆ కబురు ఇంచుమించు మీటరు దూరం నరం లోపలే ప్రయాణం చేసి అక్కడికి చేరాలి. పిండంలో ఆ కబురు అందిన కణం బతుకుతుంది, అందనిది పోతుంది. బెడ్‌రూమ్‌లో రీటా చూసింది ఇదే. ఇక ఆ క్యాన్సర్ గడ్డలో, బోరు మోటర్ స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోయినట్టు, తాళంచెవి లేకుండానే తోక ఎప్పుడూ పనిచేస్తూనే ఉంది. ఆ ఇరుక్కున్న స్విచ్‌ని ఆపే మందు లారోట్రెక్టినిబ్. 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. క్యాన్సర్ ఏ అవయవంలో ఉందని కాకుండా, ట్రాక్ జీన్‌లు ఇలా అతుక్కున్నాయా లేదా అని చూసి ఇస్తారు.

ఆ పి75 పనికిరానిదేం కాదు. ట్రాక్-ఏ పక్కనుంటే పట్టు పెంచుతుంది. ఎన్‌జీఎఫ్ పూర్తిగా తయారవ్వక ముందు రూపం తగిలితే మాత్రం కణాన్ని చావు వైపు నెట్టగలదు.

మరి పుట్టుకతోనే ట్రాక్-ఏ చెడిపోతే? 1996లో జపాన్‌లోని కుమమోటోలో యసుహిరో ఇందో బృందం దీనికి జవాబు చెప్పింది. కొందరు పిల్లలకు నొప్పి అసలు తెలీదు, చెమట పట్టదు. వాళ్లలో చెడింది ఈ జీనే. నొప్పి కణాలూ, చెమట గ్రంథులకు వెళ్లే నరాలూ పిండంలోనే పోతాయి. నొప్పి లేకపోతే హాయి అనుకుంటాం. ఆ పిల్లలు నాలుక కొరికేసుకుంటారు. వేళ్లు నమిలేసుకుంటారు. కాలు విరిగినా దానిమీదే నడుస్తారు. ఒంటి వేడి బయటికి పోదు కాబట్టి జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు అమ్మ ప్రశ్న. పెద్దయ్యాక ఎన్‌జీఎఫ్ పని కొంచెం మారుతుంది. దెబ్బ తగిలిన చోట, వాచిన చోట అది పెరుగుతుంది, ట్రాక్-ఏ ద్వారా నొప్పి నరాలను ఇంకా సున్నితం చేస్తుంది. కమిలిన వేలి మీద గోరువెచ్చని నీళ్లు పడినా చుర్రుమంటుంది, ఎందుకనుకున్నారు? అరిగిన మోకాల్లోనూ ఇదే కథ. కాబట్టి ఎన్‌జీఎఫ్ తాళం దాకా రాకుండా పట్టేసే యాంటీబాడీ తయారు చేశారు, పేరు టానెజుమాబ్. మోకాలి నొప్పి నిజంగానే తగ్గింది. కానీ కొందరికి కీళ్లు చాలా వేగంగా పాడై, మార్పిడి ఆపరేషన్ దాకా వెళ్లింది. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ ట్రయల్స్ ఆపించింది. తర్వాత మళ్లీ మొదలయ్యాయి. 2021 మార్చిలో నిపుణుల కమిటీ ఓటు వేసింది: రిస్క్ అదుపులో ఉంటుందని ఒక్కరు, ఉండదని 19 మంది. అదే ఏడాది కంపెనీలు దాన్ని వదిలేశాయి.

ఇదంతా అమ్మకి చెప్పాను. మొత్తం విని, "అయితే నొప్పి పోతే మోకాలే పోతుందంటావ్" అంది. అందరికీ అలా కాలేదమ్మా, కొందరికే అన్నాను. "ఆ కొందరిలో నేనుండనని ఎవరు చెప్తారు?" అని వేడినీళ్ల సంచీ తెమ్మంది. తెచ్చిచ్చాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.