దఖియానూస్ కాగితం

ఉర్దూలో పాతచింతకాయ పచ్చడి లాంటి ఆలోచనలున్నవాణ్ణి ‘దఖియానూసీ’ అంటారు. ఆ మాట వాడేవాళ్లలో చాలామందికి దాని వెనకున్న బాద్షా ఎవరో తెలీదు. దఖియానూస్ అంటే రోమ్ చక్రవర్తి డేసియస్. అస్హాబె కహఫ్ కిస్సాలో నౌజవానులు ఏ జాలిమ్‌కు దూరంగా గుహలో తలదాచుకున్నారో, వాడు ఇతనేనని చాలామంది ముఫస్సిర్లు రాశారు. క్రైస్తవుల కథలోనూ ఇదే పేరు. ఖురాన్ మాత్రం ఏ రాజు పేరూ చెప్పదు.

కిస్సాను అలా ఉంచి తవారీఖ్ చూద్దాం.

క్రీ.శ. 250 నాటికి రోమ్ సర్‌హద్దులు కదిలిపోతున్నాయి. తఖ్తు మీద ఎవడూ ఎక్కువ కాలం నిలవడం లేదు. దేవతల దయ మళ్లీ రావాలంటే రిఆయా అంతా మొక్కాలని డేసియస్ ఫర్మాన్ తీశాడు. అధికారుల ముందు ఖుర్బానీ ఇవ్వాలి, గవాహీతో కాగితం తీసుకోవాలి. అలాంటి పపైరస్ కాగితాలు నలభైకి పైగా ఈజిప్టు ఇసుకలో దొరికాయి. తాను ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నానని ఒక్కో మనిషి రాసిచ్చిన హామీ అది. కొందరు ఈసాయీలు జాన్ ఇచ్చారు, కొందరు తలవంచారు, కొందరు లంచమిచ్చి కాగితం కొనుక్కున్నారు. మరుసటి ఏడే గోత్‌లతో జంగ్‌లో డేసియస్ చచ్చిపోయాడు. కాగితాలు సల్తనత్‌ను కాపాడలేదు.

303లో డయోక్లీషియన్ చర్చీలు కూల్చమన్నాడు, గ్రంథాలు తగలబెట్టమన్నాడు. అదీ సాగలేదు. 313లో కాన్‌స్టంటైన్, లిసినియస్ మిలాన్‌లో ఒక మాట మీదకొచ్చారు: క్రైస్తవులైనా మరెవరైనా సరే, తమకు నచ్చిన మజహబ్ పాటించుకోవచ్చు. రోమ్ హుకూమత్ చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

ఆ మాట ఎన్నాళ్లు నిలిచింది? 380లో థియొడోసియస్ నైసియా విశ్వాసాన్నే అందరూ పాటించాలన్నాడు. 384లో సిమ్మకస్ అనే పాత మతపు పెద్దమనిషి, సెనేట్ భవనం నుంచి తీసేసిన విజయదేవత బలిపీఠాన్ని తిరిగి పెట్టమని అర్జీ పెట్టుకున్నాడు. సత్యానికి దారులు అనేకం అన్నది ఆయన వాదన. మిలాన్ బిషప్ ఆంబ్రోజ్ అడ్డం తిరిగాడు. అర్జీ చెల్లలేదు.

388 నాటి వాకియా ఇంకా చేదుది. యూఫ్రటీస్ ఒడ్డున కల్లినికమ్‌లో, అంటే నేటి సిరియాలోని రఖ్ఖాలో, ఈసాయీ గుంపు యూదుల సినగాగును తగలబెట్టింది. అక్కడి బిషపే సొంత ఖర్చుతో కట్టించివ్వాలని థియొడోసియస్ హుకుం జారీ చేశాడు. ఆంబ్రోజ్ నిండు చర్చిలో చక్రవర్తిని నిలదీశాడు. హుకుం వెనక్కిపోయింది. ఇన్‌సాఫ్ కూడా దానితోనే పోయింది. కాగితం కోసం క్యూలో నిలబడ్డ మజ్‌లూములకూ ఈ గుంపుకూ మధ్య దూరం 138 ఏళ్లే. ఇది ఒక్క మజహబ్ కథే అనుకోకండి. మన సల్తనతుల తవారీఖ్‌లోనూ ఇలాంటి పేజీలున్నాయి.

మరి రోమ్‌ను కూల్చింది ఈసాయీ మతమేనా? 410లో అలారిక్ రోమ్‌ను లూటీ చేయగానే పాత మతం వాళ్లు ఆ ఇల్జామే వేశారు. దానికి జవాబుగానే అగస్టీన్ ‘దేవుని నగరం’ రాయడం మొదలుపెట్టాడు. 1776లో గిబ్బన్ తన చరిత్రలో ఆ ఇల్జామ్‌కు కొత్త రూపమిచ్చాడు. కానీ అలారిక్ స్వయంగా క్రైస్తవుడు. పైగా తూర్పు సగం కూడా క్రైస్తవ రాజ్యమే. ఖుస్తున్‌తునియా సుల్తాన్ మెహ్మద్ చేతికి వచ్చింది 1453లో. మతమే విషమైతే తూర్పు మరో వెయ్యేళ్లు ఎలా బతికింది?

అసలు గాయాలు వేరే చోట ఉన్నాయి. 376లో హూణుల ధాటికి పారిపోయి వచ్చిన గోత్‌లు డాన్యూబ్ దాటి పనాహ్ అడిగారు. రోమ్ అధికారులు వాళ్ల ఆకలితో తిజారత్ చేశారు. ఒక్కో కుక్కను తినడానికిచ్చి ఒక్కో మనిషిని గులామ్‌గా తీసుకున్నారని ఆ కాలపు చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. రెండేళ్లకు ఆ గోత్‌లే ఏడ్రియానోపుల్ దగ్గర చక్రవర్తి వాలెన్స్‌నూ, ఆయన ఫౌజులో ఎక్కువ భాగాన్నీ మట్టుబెట్టారు. తఖ్తు కోసం సేనాపతులు తమలో తాము కొట్టుకున్నారు. 439లో వాండల్స్ కార్తేజ్‌ను పట్టుకోవడంతో పశ్చిమానికి ధాన్యమూ, పన్నులూ పోయాయి. ఖజానా ఖాళీ అయితే ఫౌజుకు తన్‌ఖా ఎక్కడిది? 476లో ఆఖరి చక్రవర్తిని దించడానికి పెద్ద జంగ్ కూడా అక్కర్లేకపోయింది.

రాజ్యం కష్టాల్లో పడితే పక్కింటివాడి మజహబ్ మీద వేలు చూపడం తేలిక. 250లో డేసియస్ అదే చేశాడు, 410 తర్వాత రోమ్ పెద్దలూ అదే చేశారు. శరణార్థుల రొట్టె ఎవరు మింగారని ఇద్దరూ అడగలేదు.