మెదక్ సీమలో రాత్రి మంటపాలు: దివిటీ నుంచి కరెంటు దాకా

టేక్మాల్, అల్లాదుర్గం, పాపన్నపేట, జోగిపేట చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట ఊరంతా ఒకచోట చేరే సందర్భాలు ఏడాదిలో కొన్నే ఉండేవి. శివరాత్రి జాగారం, పీర్ల పండుగ, బతుకమ్మ, పంట ఇల్లు చేరాక వేసవిలో ఆడే భాగవతాలు. వీటికి కావలసినవి రెండే: ఒక పందిరి, దాని కింద పదిమందికీ ఆనే వెలుగు. పందిరికి నాలుగు గుంజలు పాతి, పైన కొమ్మలు కప్పితే చాలు. ఖర్చంతా వెలుగుదే. ఇంట్లో ఆముదం దీపాన్నే పొదుపుగా వాడుకునే కాలంలో తెల్లవార్లూ వందల మందికి వెలుగివ్వడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నూనె ఎవరు పోశారు, దివిటీ ఎవరు పట్టారు అన్నదాన్ని బట్టే ఇక్కడి రాత్రి కొలువుల తీరు మారుతూ వచ్చింది.

తెలంగాణలో నిలిచి ఉన్న పాత మంటపాల్లో పేరున్నవి కాకతీయుల నాటివి. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలోనూ, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలోనూ రంగమంటపం నడుమ గుండ్రని రాతి వేదిక ఉంది. చుట్టూ అద్దంలా మెరుగుపెట్టిన నల్లరాతి స్తంభాలు. అలాంటి రాయి పక్కన పెట్టిన చిన్న దీపం కూడా ఉన్నదానికంటే ఎక్కువ వెలుగిస్తున్నట్టు కనిపిస్తుంది. అయితే ఆ మంటపంలోకి ఊరంతటికీ ప్రవేశం లేదు. జనసామాన్యం రాత్రి కాలక్షేపాన్ని చూడాలంటే పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రను తెరవాలి. శ్రీశైలంలో శివరాత్రి జాగారానికి చేరిన భక్తులు చూసిన నాటకాలు, బొమ్మలాటలు అందులో వివరంగా కనిపిస్తాయి. టేక్మాల్ పక్కన పాపన్నపేట మండలంలో, మంజీర ఏడు పాయలుగా చీలే చోట, ఏడుపాయల వనదుర్గ జాతర నేటికీ శివరాత్రి నాడే మొదలై మూడు రోజులు సాగుతుంది.

వెలుగునే లెక్కలోకి తీసుకుని కట్టిన కట్టడం హైదరాబాదులో మొహర్రం సంతాపానికి నెలవైన బాదుషాహీ ఆషూర్‌ఖానా. 1591లో నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొద్ది ఏళ్లకే దీన్ని కట్టించాడు. గోడల మీది రంగుల పెంకులు 1611 నాటివి. అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు చరిత్ర గ్రంథం హదీఖతుస్సలాతీన్ ఇక్కడి దీపాల అమరికను వర్ణించింది. దీపపు గూళ్లు పది వరసలు, వరసకు 1,000 దీపాలు. మొహర్రం మొదటి రాత్రి ఒక వరస, రెండో రాత్రి రెండు వరసలు, అలా పదో రాత్రికి మొత్తం 10,000 దీపాలు వెలిగేవి. పై ఆకాశంలో నెలవంక పెరుగుతూ ఉంటే కింద దీపాలూ దానితోపాటే పెరుగుతూ పోయేవన్నమాట. రాత్రి జనసమ్మర్దం కోసం ఇంత ఆలోచించి వెలుగును కూర్చిన కట్టడం తెలుగునాట మరొకటి దొరకడం కష్టం.

పల్లెకు వచ్చేసరికి అదే పండుగ పీర్ల చావడికి చేరింది. ఒకటి రెండు గదుల కొట్టం, దాని ముందు బయలు, బయల్లో గుండం. పదివేల దీపాల స్తోమత లేని ఊరు గుండంలో కట్టెలు వేసి మంట చేసుకుంది. వెలుగుకూ వెచ్చదనానికీ అదే. దాని చుట్టూ అడుగులు వేసేవారిలో, పీరును ఎత్తుకునేవారిలో, మొక్కు చెల్లించేవారిలో ముస్లింలతోపాటు అన్ని కులాల హిందువులూ ఉంటారు. చావడిలో ఎవరి చోటు వారిదైనా మంట చుట్టూ తిరిగే వలయంలో ముందు వెనకలు లేవు.

వెలుగును కళగా మార్చినవారు మాత్రం భాగవతులు. చిందు భాగవతం వేదిక అంటే నాలుగు గుంజల పందిరి, ఎదుట ఇద్దరు పట్టుకున్న తెర, రెండు పక్కలా దివిటీలు. పాత్ర ఎటు కదిలితే దివిటీ అటు కదలాలి. రాక్షస పాత్ర వచ్చేటప్పుడు మంట మీద గుగ్గిలం పొడి చల్లితే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ముఖానికి పూసే పసుపుపచ్చని అరదళం, తేలికైన పొనికి కర్రతో చేసి అద్దం ముక్కలు, తళుకు కాగితాలు అతికించిన కిరీటాలు, భుజకీర్తులు, అన్నీ కదిలే మంటను దృష్టిలో పెట్టుకుని కుదిరినవే. పగటి వెలుగులో అవి మోటుగా కనిపించడంలో వింత లేదు. ప్రేక్షకులు చీకట్లో, నేల మీద, మూడు దిక్కులా కూర్చునేవారు. ఈ కళను తరతరాలుగా మోసిన చిందు కళాకారులలో జనగామ ప్రాంతానికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

ఆ దివిటీ పట్టినవారి సంగతి చాలా వ్యాసాల్లో ఉండదు. తెలుగు పల్లెల్లో ఊరేగింపులకూ ఆటలకూ దివిటీ పట్టడం చాకలివారి పనిగా ఉండేది. నిజాం రాజ్యంలో అది వెట్టిలో భాగం కావడంతో కూలి లేకపోగా, దొర ప్రయాణమైతే రాత్రివేళ దారి చూపడమూ వారి మీదే పడేది. టేక్మాల్‌కు దగ్గరి పట్టణమైన జోగిపేటలోనే 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. తర్వాతి ఏళ్లలో ఆ మహాసభ వేదికల మీద వెట్టి పెద్ద సమస్యగా నిలిచింది.

దివిటీని పక్కకు నెట్టింది పెట్రోమాక్స్. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆవర్ వాన్ వెల్స్‌బాక్ 1885లో కనిపెట్టిన మాంటిల్ అనే జాలీ ఒత్తిని, గాలి ఒత్తిడితో ఎగదన్నే కిరసనాయిలు ఆవిరితో వెలిగించేలా బెర్లిన్ కంపెనీ ఒకటి 1910 ప్రాంతంలో ఈ దీపాన్ని తెచ్చింది. పల్లెల్లో దీన్ని గ్యాస్ లైటు అన్నారు. రాత్రికింత అని అద్దెకు దొరికేది, నడుమ నడుమ పంపు కొడితే చాలు. దీనితో దివిటీ మోసే మనిషి అవసరం తప్పింది. ఆ మేరకు మేలే. కానీ పందిరి వాసానికి వేలాడే తెల్లని వెలుగు కదలదు, పాత్ర వెంట రాదు. చుట్టూ చీకట్లో ఉన్న ప్రేక్షకులను కూడా వెలుగులోకి లాగింది. భాగవతం పందిరి వదిలి స్టేజీ ఎక్కడానికి దారి వేసినవాటిలో ఇదీ ఒకటి.

హైదరాబాదు రాజ్యంలో విద్యుత్ శాఖ 1910లోనే ఏర్పడినా, ఆ వెలుగు చాలాకాలం నగరం దాటలేదు. 1959లో ఆంధ్రప్రదేశ్‌కు విద్యుత్ బోర్డు, 1969లో దేశానికి గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చాకే మారుమూల పల్లెల్లో స్తంభాలు లేచాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు టీవీ ప్రసారాలు చేసిన సైట్ ప్రయోగంలో ఎంచుకున్న 6 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సాయంత్రం ఊరుమ్మడి టీవీ ముందు చేరడం అప్పుడు కొత్త కొలువు. టీవీ ఇంటింటికీ వచ్చాక అది చెదిరిపోయింది. నిలిచింది పండుగ మంటపం. తిలక్ 1893లో పుణేలో ఊపిచ్చిన సామూహిక గణేశ పూజకు హైదరాబాదులో ఖైరతాబాదు 1954 నుంచి పెట్టింది పేరు. సీరియల్ బల్బుల వినాయక మంటపాలు ఇప్పుడు ప్రతి వాడలోనూ కనిపిస్తాయి. అమావాస్య చీకట్లో మొదలయ్యే బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించాక చెరువుగట్లకు కూడా పెద్ద దీపాలు వచ్చాయి.

ఊరంతా చేరే చోటుగా పార్కు అన్నది పల్లెకు వీటన్నిటి తర్వాత వచ్చిన తలంపు. హైదరాబాదు బాగే ఆమ్ 1846 నాటిదే అయినా, పల్లెలకు ఉద్యానాలు వచ్చింది 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమం కింద పెట్టిన పల్లె ప్రకృతి వనాలతోనే. వాటిలో నడకదారులు, చెట్లు ఉన్నాయి. వీధులకు ఎల్‌ఈడీ దీపాలూ అదే కాలంలో వచ్చాయి. కానీ ఎత్తయిన స్తంభం నుంచి అంతటా సమానంగా పడే వెలుగు దారి చూపుతుందే గాని కూర్చోబెట్టదు. పాత పందిళ్లలో వెలుగు మనిషి ఎత్తులో, ఒకచోట, అందరి చూపూ పడేలా ఉండేది. పల్లె పార్కులో నాలుగు గుంజల మంటపం ఒకటి వేసి దీపాన్ని ఆ ఎత్తుకు దించడానికి పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.