హీరోక్లిక్స్

హీరోక్లిక్స్ కామిక్స్ సూపర్‌హీరోల చిన్న బొమ్మలతో, గళ్ల పటం మీద ఆడే ఆట. జోర్డాన్ వైస్‌మన్ స్థాపించిన అమెరికన్ సంస్థ విజ్‌కిడ్స్ దీన్ని 2002లో మార్వెల్, డీసీ పాత్రలతో విడుదల చేసింది. కామిక్స్ అభిమానులను కట్టిపడేసింది బొమ్మల అందమే అనుకుంటారు గానీ, తొలినాటి బొమ్మల రంగులు ఏమంత గొప్పవి కావు. అసలు ఆకర్షణ బొమ్మ కాళ్ల కింది పీఠంలో ఉంది. అందులో తిరిగే చక్రం ఉంటుంది. దాని కిటికీలోంచి వేగం, దాడి, రక్షణ, నష్టం అంకెలు కనిపిస్తాయి. దెబ్బ తగలాలంటే రెండు పాచికల మొత్తానికి దాడి అంకె కలిపితే వచ్చేది ఎదుటి బొమ్మ రక్షణ అంకెను అందుకోవాలి. దెబ్బ తగిలినప్పుడల్లా చక్రం టక్కున తిరిగి అంకెలు మారతాయి. చాలా పాత్రలు క్రమంగా నీరసిస్తాయి; హల్క్ బొమ్మలు కొన్ని మాత్రం దెబ్బతిన్నకొద్దీ మరింత రెచ్చిపోతాయి. కోపంతో బలం పెరిగే హల్క్ స్వభావం తెలిసిన పాఠకుడికి ఇంకే వివరణా అక్కర్లేదు.

ఈ బొమ్మలను లోపల ఏది ఉందో తెలియని పెట్టెల్లో అమ్మడం జూదం లాంటిదేనన్న విమర్శ ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. అరుదైన బొమ్మ కోసం జేబు ఖాళీ చేసుకోవడం ఈ వ్యాపారంలో భాగమే. అయితే ఆ పెట్టెల మోజే సర్వస్వమైతే, 2008లో అప్పటి యజమాని టాప్స్ విజ్‌కిడ్స్‌ను మూసేసినప్పుడే ఈ ఆట మరుగున పడి ఉండాలి. 2009లో నెకా అనే సంస్థ విజ్‌కిడ్స్‌ను కొని ఆటను మళ్లీ నిలబెట్టింది. కొత్త సరుకు ఆగినా ఆడేవాళ్లు మిగిలి ఉండబట్టే అది సాధ్యమైందనుకోవచ్చు.